దీవుల గాలి – మన సీమ వాన



నేడు నేను ముచ్చటింపదలచిన విషయము పసిఫిక్ మహాసముద్రపు దీవులలోని గాలివానలను గూర్చియు, అచ్చటి సముద్రస్థితిని గూర్చియు. వికారాబాదు, తాండూరు ప్రాంతముల పెద్దలు ఈ మాట విని, “సముద్రము మొగమెఱుగని మన మెట్టసీమకు ఆ దీవులతో నేమి పని?” అని శంకింపవచ్చును. శంక సమంజసమైనదే. తూర్పు సముద్రమైనను, పడమటి సముద్రమైనను మనకు వందల మైళ్ల దూరమున నున్నవి. అనంతగిరిపై కురిసిన వాన కొంత మూసీనదియై తూర్పునకును, కొంత కాగ్నానదియై తాండూరు మీదుగా భీమానదికిని పోవును. మన కెఱుకయైన జలయాత్ర యింతియే.

అయినను ప్రతి సంవత్సరమును వైశాఖ జ్యేష్ఠ మాసములలో మన రచ్చబండల కడ నొక మాట వినవచ్చుచున్నది. “ఈ యేడు ఎల్ నినో యట, వానలు పడవట” అని యొకరందురు. “ఎక్కడి సముద్రమో వేడెక్కిన మన చేనికేమి?” అని మఱొకరందురు. మొదటివాడు భయపడి విత్తనములు కొనుట మానును. రెండవవాడు లెక్కచేయక, అప్పు తెచ్చి, నీరు మిక్కుటముగా కోరు పంటను పెట్టును. ఇరువురును నష్టపోవుటకు అవకాశము కలదు. ఆ వార్తలో సత్యమెంత, దానిని సేద్యగాడు ఎట్లు గ్రహింపవలెను అనునది విశదపఱచుటయే నా యుద్దేశము. అందుకు ముందుగా ఆ దీవుల సంగతి తెలిసికొనవలెను.

పసిఫిక్ మహాసముద్రము భూగోళపు ఉపరితలమున సుమారు మూడవవంతు ఆక్రమించియున్నది. 1520వ సంవత్సరమున మెగెల్లన్ అను పోర్చుగీసు నావికుడు అందు ప్రవేశించినపుడు అలలు నెమ్మదిగా నుండెను. అందుచే నాతడు దానికి శాంతసముద్రమను నర్థము వచ్చు పేరు పెట్టెను. పేరెట్లున్నను ఆ సముద్రము ఎల్లపుడు శాంతమైనది కాదు.

అందలి దీవులు ముఖ్యముగా రెండు విధములు. మొదటివి అగ్నిపర్వతములవలన లేచిన ఎత్తైన దీవులు. వానిపై కొండలు, అడవులు, ఏఱులు కలవు. ఫిజీ, సమోవా, తాహితి మొదలగునవి యిట్టివి. రెండవవి పగడపు పురుగుల గూళ్లు యుగయుగములుగా పేరుకొని యేర్పడిన పల్లపు దీవులు. ఇవి నడుమ నీటిమడుగు నుంచుకొని వడ్డాణమువలె చుట్టుకొనియుండును. కిరిబాతి, తువాలు అను దేశము లిట్టివి. ఇచ్చటి నేల చాలచోట్ల సముద్రముకన్న రెండుమూడు మీటర్లు మాత్రమే యెత్తు. ఆ పగడపు నేలయు ఒకవిధమైన సున్నపురాయియే. తాండూరు నాపరాయియు సున్నపురాయియే గదా! అదియు అత్యంత పురాతనకాలమున లోతులేని యొక సముద్రపు అడుగున పేరుకొన్నదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున మన కాళ్లక్రింది బండకును సముద్రముతో చుట్టఱికము లేకపోలేదు.

ఇక గాలుల సంగతి. భూమధ్యరేఖకు ఇరుప్రక్కల ఆ సముద్రముపై సంవత్సరము పొడవునను తూర్పునుండి పడమటికి గాలులు వీచుచుండును. ఉత్తరార్ధమున ఈశాన్యమునుండియు, దక్షిణార్ధమున ఆగ్నేయమునుండియు వచ్చును. తెరచాపల ఓడల కాలమున వర్తకులు వీనినే నమ్ముకొని ప్రయాణము చేసిరి; వీనికి వ్యాపారపవనములని పేరు. ఆ దీవులలో గాలి, వాన, అల అను మూడింటికిని ఇవియే యజమానులు.

దీనికి ఫిజీ దీవులు మంచి నిదర్శనము. ఆ దీవులతో తెనుగువారికి సంబంధమును కలదు. 1903వ సంవత్సరము మొదలుకొని 1916 వరకు మద్రాసు రేవునుండి అనేకులు అయిదేండ్ల ఒప్పందముపై చెఱకుతోటల పనికి ఫిజీకి కొనిపోబడిరి. వారిలో అఱవవారితోపాటు తెనుగువారును ఉండిరి. గడువు తీరిన పిమ్మట పెక్కుమంది అచ్చటనే నిలిచి సేద్యము చేసికొనిరి. 1941లో వారు తమ భాషా సంస్కృతుల రక్షణకై ఆంధ్రసంఘము నొకదానిని స్థాపించుకొనిరి. మనము భూమధ్యరేఖకు సుమారు 17 డిగ్రీలు ఉత్తరమున నున్నాము. వారు ఇంచుమించు 18 డిగ్రీలు దక్షిణమున నున్నారు. దూరము సమానమే గాని దిక్కు వేఱగుటచే ఋతువులు తలక్రిందులు. మనకు కంది కోతలు సాగు పుష్య మాఘములలో వారికి వానకాలము, తుపానుల కాలము. మనము మృగశిర కార్తెకు ఎదురుచూచుచుండగా వారికి చలికాలము, పొడికాలము.

ఫిజీలోని పెద్దదీవి పేరు విటిలేవు. దాని నడుమ కొండలు కలవు. ఆగ్నేయపు గాలి తడిని మోసికొనివచ్చి ఆ కొండలకు తగిలి పైకెక్కును. పైకెక్కిన గాలి చల్లబడి వాన కురియును. అందుచే గాలికి ఎదురుగానున్న సువా పట్టణమున సంవత్సరమునకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. కొండ దాటిన గాలి దిగునపుడు వేడెక్కి పొడిబాఱును. అందుచే ఆవలిప్రక్క నాందీ ప్రాంతమున ఇంచుమించు మూడింట రెండుపాళ్లు మాత్రమే పడును. చెఱకు పండునది ఆ పొడిప్రక్కనే. ఈ సంగతి మనకు క్రొత్త కాదు. నైరృతి ఋతుపవనము పడమటి కనుమల ముందట కుండపోతగా కురిసి, కనుమలు దాటి మన వైపు వచ్చుసరికి చాలవఱకు బరువు దింపుకొనును. తాండూరు నల్లరేగడిలో వరికన్న కందియు జొన్నయు నిలుచుటకు అదియే కారణము. కొండకు వెనుక నున్నవాని వ్యవసాయము ఫిజీలోనైనను, మన కడనైనను ఒకటే తీరు. గాలి కొంచెము తప్పినచో వానికే ముందు దెబ్బ.

పల్లపు దీవుల స్థితి వేఱు. అచ్చట వానను దింపుటకు కొండలేదు, నిలుపుటకు చెఱువులేదు, పాఱుటకు ఏఱు లేదు. పడిన వాన ఇసుకలోనికి ఇంకి, క్రిందనున్న ఉప్పునీటిపై తీపినీటి పొరగా, నీటిపై నూనెవలె, తేలియుండును. బావి త్రవ్వినను, గోతులలో చేమదుంప నాటినను ఆ పొరయే ఆధారము. వాన నెలలకొలది తప్పినచో పొర పలుచనగును. మితిమీఱి తోడినచో ఉప్పు పైకి వచ్చును. 2011వ సంవత్సరమున వానలు లేక తువాలులో త్రాగునీరు అడుగంటి, ప్రభుత్వము అత్యవసరస్థితిని ప్రకటింపవలసివచ్చెను. నలుదెసల నీరుండియు త్రాగుటకు లేకపోవుట ఎంతటి దుఃస్థితియో, వేసవిలో ఎండిన బోరుబావి చెంత నిలిచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

సముద్రపు పోటుపాటులు చంద్రుని ననుసరించునని మీరెఱుగుదురు. అమావాస్యకును పూర్ణిమకును సూర్యచంద్రుల ఆకర్షణము కలిసివచ్చుటచే పోటు హెచ్చును. అదే సమయమున చంద్రుడు భూమికి సమీపమున నున్నచో మఱింత హెచ్చును. అట్టి దినములలో పల్లపు దీవుల వీథులలోనికి ఉప్పునీరు వచ్చి చేరును, తోటలు చెడును. భూమి వేడెక్కి మంచు కరుగుటచేతను, వేడికి నీరు వ్యాకోచించుటచేతను 1900 నుండి ప్రపంచ సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. రెండు మీటర్ల యెత్తు నేలపై నివసించువారికి ఆ జానెడే గండము.

తుపానులు భూమధ్యరేఖకు మిక్కిలి దగ్గఱ పుట్టవు. గాలిని సుడిద్రిప్పునది భూభ్రమణము, ఆ మెలిక రేఖ చెంత చాలదు. అందుచే కిరిబాతి తుపానుల దారిలో నుండదు. అయినను దూరపు తుపాను లేపిన కెరటములు అచ్చటికిని చేరును. 2015 మార్చిలో వనువాతు దీవులను ధ్వంసముచేసిన పామ్ తుపాను అలలు తువాలు, కిరిబాతి తీరములను సైతము పాడుచేసెను. మఱుసటియేడు 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ అను తుపాను ఫిజీపై విఱుచుకొనిపడెను. 44 మంది మరణించిరి. ఇండ్ల కప్పులు లేచిపోయెను, చెఱకు నేలకొఱిగెను.

ఇప్పుడు మన వానకు సంబంధించిన ముడి విప్పుదము. పళ్లెములోని నీటిపై ఒకప్రక్కనుండి ఊదినచో నీరు ఆవలి అంచునకు ఎగబ్రాకును. అట్లే వ్యాపారపవనములు ఎండకు వేడెక్కిన మీదినీటిని నిరంతరము పడమటికి నెట్టుచుండును. అందుచే ఇండోనేషియా చెంత సముద్రమట్టము తూర్పున పెరూ చెంతకన్న సుమారు అర మీటరు ఎత్తుగా నుండును. పడమట నీటి వేడి 29 డిగ్రీల చెంత నుండగా, తూర్పున క్రిందినుండి చల్లనినీరు పైకుబికి అనేక డిగ్రీలు చల్లగా నుండును. వేడినీటిపై గాలి తేలికయై పైకి లేచి మబ్బులై కురియును. ఆ గాలియే ఆకాశమున తూర్పునకు మరలి, చల్లనినీటిపై దిగి, మరల వ్యాపారపవనమై పడమటికి వచ్చును. ఇది యొక పెద్ద రాట్నము.

రెండుమొదలు ఏడు సంవత్సరముల కొకపరి ఈ రాట్నము తడబడును. వ్యాపారపవనము లుడుగును. పడమట పోగుపడిన వేడినీరు నడిమి పసిఫిక్కునకును తూర్పునకును జాఱును. మబ్బులును వెంట పోవును. పెరూదేశపు జాలరులు క్రిస్మసు నాటికి తమ తీరపు నీరు వేడెక్కి చేపలు తఱుగుటను గమనించి, బాలక్రీస్తును తలచుకొని దానికి ఎల్ నినో, అనగా బాలుడు, అని పేరిడిరి. దీనికి ప్రతిగా గాలులు విజృంభించి తూర్పునీరు మామూలుకన్న చల్లబడుటకు లా నినా, అనగా బాలిక, అని పేరు. ఎల్ నినో వచ్చినపుడు కిరిబాతిలో వానలు ముంచెత్తును, ఫిజీలో కఱవు తలయెత్తును. 1997–98లో ఫిజీ చెఱకు దారుణముగా ఎండిపోయెను. లా నినాలో కిరిబాతి, తువాలులకు నీటికఱవు. ఇందాక చెప్పిన 2011 అట్టిదే. ఒక దీవికి వరమైనది మఱొక దీవికి శాపమగుచున్నది.

మబ్బులు లేచుచోటు తూర్పునకు జరిగినపుడు గాలి దిగుచోట్లును మాఱును. ఆ దిగుగాలి మన హిందూదేశము వైపు వ్యాపించినచో ఋతుపవనము బలహీనమగును. పైనుండి దిగుగాలి మబ్బును ఎదుగనీయదు. ఇదియే ఆ దీవులకును అనంతగిరికిని గల ముడి.

ఈ ముడి కనుగొనబడుటకు కారణము మన దేశపు కఱవులే యని చెప్పిన ఆశ్చర్యము కలుగవచ్చును. 1876లో మొదలై రెండేండ్లు సాగిన కఱవున మద్రాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు సీమలలో జనులు లక్షోపలక్షలుగా మరణించిరి. దానినే మన పెద్దలు ధాత కఱవనిరి. ఆ కాలమున పసిఫిక్కులో మహాబలమైన ఎల్ నినో యుండెనని నేడు తెలియవచ్చినది. 1899లో మరల కఱవు వచ్చెను. 1904 నుండి 1924 వరకు భారత వాతావరణశాఖకు అధిపతిగా నుండిన గిల్బర్ట్ వాకర్ గణితశాస్త్రవేత్త. ఆతడు వానను ముందుగా తెలియుటకై దేశదేశముల గాలి ఒత్తిడి లెక్కలను తెప్పించి, మన దేశపు గణకులచే సంవత్సరములతరబడి పోల్పించెను. పసిఫిక్కున ఒకవైపు ఒత్తిడి హెచ్చినపుడు హిందూసముద్రము వైపు తగ్గుననియు, ఒకవైపు తగ్గినపుడు రెండవవైపు హెచ్చుననియు కనుగొనెను. ఏతపు బొంగు ఒక కొన దిగిన రెండవకొన లేచునట్లు! నేటికిని తాహితి దీవిలోను, ఆస్ట్రేలియాలోని డార్విన్ పట్టణములోను గాలి ఒత్తిడిని పోల్చి ఈ ఏతపు వాలును కొలుచుచున్నారు. దీనికిని ఎల్ నినోకును గల సంబంధమును 1969లో బ్యెర్క్‌నెస్ అను పండితుడు నిరూపించి, ఆ గాలిరాట్నమునకు వాకర్ పేరే పెట్టెను.

ఇప్పుడు ప్రధాన ప్రశ్న. ఎల్ నినో వచ్చినచో మనకు కఱవు తప్పదా? లెక్కలు చూడుడు. 2002లో దేశమున ఋతుపవన వర్షము సగటులో 81 పాళ్లు, అనగా నూటికి 19 తక్కువ. 2009లో 78 పాళ్లు, 2015లో 86 పాళ్లు. ఈ మూడును ఎల్ నినో యేండ్లు. కాని 1997లో మహాబలమైన ఎల్ నినో యుండగా వాన నూటికి 102 పాళ్లు! ఏల? ఆ యేట మన హిందూసముద్రములో పడమటిభాగము వేడెక్కి, తూర్పుభాగము చల్లబడి, ఋతుపవనమునకు బలమిచ్చెను. పసిఫిక్కు లాగినదానిని హిందూసముద్రము నిలిపెను.

ఇంకను సమీపపు నిదర్శనము 2023. ఆ యేటను ఎల్ నినో. ఋతుపవనము ఆలస్యముగా వచ్చెను. జూన్ గడచుసరికి దిగులుపడినవారు పెక్కురు. జూలై నెలాఖరున మన తెలంగాణములోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. వెంటనే వచ్చిన ఆగస్టు, దేశమంతట చూచిన 1901 తరువాత అంతటి పొడి ఆగస్టు లేదనిపించుకొనెను. కడకు ఋతువు మొత్తము నూటికి 94 పాళ్లు. ఒక్క ఋతువులోనే వఱదయు, వఱపును. ఇట్టి యేట “వాన లేదు” అని నమ్మినవాడును మోసపోవును, “వాన కలదు” అని నమ్మినవాడును మోసపోవును.

దీనినిబట్టి తేలున దేమనగా, ఎల్ నినో తీర్పు కాదు, హెచ్చరిక. అది ఋతువు మొత్తముపై త్రాసును కొంచెము వాల్చును. అంతియే. పొలమున పడు వానను నిర్ణయించునవి బంగాళాఖాతమున పుట్టి మనవైపు వచ్చు అల్పపీడనములు. ఏడాదిలో రెండు మంచి అల్పపీడనములు తగిన వేళ వచ్చిన కంది పండును. రాకపోయిన ఎండును. 1908 సెప్టెంబరు 28న మూసీ వఱదలో వేలాదిమంది కొట్టుకొనిపోయిరి. 2020 అక్టోబరులో వాయుగుండము తెలంగాణము మీదుగా సాగిపోయి మరల మూసీని పొంగించెను. ఈ రెండును ఆ తూర్పు సముద్రపు పనియే.

పూర్వులును వానను ముందుగా తెలియగోరిరి. వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘగర్భములను గూర్చి చెప్పుచు, గర్భము కట్టిన 195 దినములకు వాన ప్రసవించునని వ్రాసెను. ఆ లెక్క నేడు నిలుచునా యనునది వేఱు మాట. ఆఱునెలల ముందటి ఆకాశములో రాబోవు వాన గుర్తులు వెదకవలెనను వారి బుద్ధి మాత్రము గొప్పది. నేడు శాస్త్రజ్ఞులు ఆ గుర్తులను ఆకాశమునకు మాఱు సముద్రమున వెదకుచున్నారు. భూమధ్యరేఖ పొడవునను తేలు యంత్రములను నిలిపి నీటి వేడిని, గాలి వేగమును కొలుచుచున్నారు. హైదరాబాదులోనే భారత మహాసముద్ర సమాచార సేవాకేంద్రము 1999లో నెలకొన్నది. సముద్రములేని పట్టణమున సముద్రపు వార్తలు సిద్ధమగుచున్నవి.

కావున పెద్దలకు నా మనవి యిది. వార్తలను వాని కాలపరిమితినిబట్టి వాడుకొనుడు. ఎల్ నినో వార్త ఏడాదికి సంబంధించినది. దానిని విన్నపుడు ఏడాది పనులు చక్కబెట్టుడు. వేసవిలోనే చెఱువుకట్టకు గండ్లు పూడ్పించుడు. పశుగ్రాసము కొంచెము మిగుల్చుడు. విత్తనము మొత్తము ఒక్కసారి చల్లక, మరల విత్తవలసివచ్చిన చేత నుండునట్లు కొంత దాచుడు. అప్పు చేసి నీటిపంటను విస్తరింపకుడు. అల్పపీడన వార్త వారమునకు సంబంధించినది. దానినిబట్టి కలుపు, ఎరువు, మందు పనులు నిర్ణయింపుడు. చేనిలో తడి నేటికి సంబంధించినది. తొలకరి జల్లుకే తొందరపడక, నేల జానెడు లోతు తడిసిన పిదపనే విత్తుడు. ఒకటి చేయవలసిన పనిని మఱొకదానితో చేయింపబూనుటచేతనే నష్టము కలుగుచున్నది.

మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పైరు వేళ్లు లోతునకు పోయి ఆగస్టు వఱపును ఓర్చుకొనును. నీరు నిలుచుటను మాత్రము ఓర్వదు. కావున పొడియేటికి తగినది ఆ పంట, తడియేటికి కావలసినది చేనిలో మురుగు పోవు దారి. రెంటికిని సిద్ధపడినవాడే సేద్యగాడు. పెసర, జొన్నలను అంతరపంటగా వేయు మన పూర్వుల పద్ధతియు ఇట్టి అనిశ్చయమునకే యేర్పడినది. ఒకటి పోయిన నొకటి నిలుచును.

కిరిబాతి దీవివాసి వాన పడిననాడే మఱుసటి కఱవునకు నీరు దాచుకొనును. దాచనిచో వానికి ఉప్పునీరే గతి. మనకు అంతటి అక్కఱ లేదనుకొనుటచేతనే మన కుంటలు పూడిపోవుచున్నవి. వారికిని మనకును వాన నడుపు గాలి ఒక్కటే యని తెలిసినపుడు, వారి జాగ్రత్తయు మనకు కొంత అబ్బినచో మేలు. వానదేవుడు సకాలమున కరుణించి మీ చేలు పండించుగాక!